చనిపోయినవారు తిరిగివస్తారా?

2022వ సంవత్సరం ఏప్రిల్ నెల. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి మండలంలోని వెన్నెలవలస గ్రామస్థులు 17వ తేదీ నుంచి 25వ తేదీ వరకు తమ ఊరికి తామే కట్టడి విధించుకొన్నారు. ఊళ్ళోకి వచ్చే దారులకు కంచెలు అడ్డం పెట్టారు. బయటివారిని రానివ్వలేదు, లోపలివారిని పోనివ్వలేదు. బడి మూతపడింది, అంగన్‌వాడీ మూతపడింది. ఊరికి నాలుగు దిక్కులా నిమ్మకాయలు పెట్టారు.

కారణమేమిటి? అంతకు ముందు ఊళ్ళో కొందరికి జ్వరాలు వచ్చాయి. నెల తిరగకుండానే కొందరు చనిపోయారు. మాంసం తినే పిశాచాలు ఊళ్ళో తిరుగుతున్నాయని వదంతి పుట్టింది. పెద్దలు పూజారులను సంప్రదించి ఈ కట్టడి చేశారు. సంగతి తెలిసి అధికారులు, పోలీసులు వెళ్ళి నచ్చజెప్పిన తరువాతనే బడి తలుపులు తెరుచుకొన్నాయి.

ఈ వార్త పత్రికల్లో చదివి నవ్వినవాళ్ళున్నారు. మీరు నవ్వేముందు ఒక్క క్షణం ఆలోచించండి. మీ వీధిలోనే వారం తిరగకుండా ఒకటి తరువాత ఒకటి పాడెలు లేస్తున్నాయనుకోండి. ఎందుకు చనిపోతున్నారో ఎవరూ చెప్పడం లేదనుకోండి. రాత్రి దీపం ఆర్పాక మీకు నిద్ర పడుతుందా? భయం తెలివితక్కువతనం కాదు. భయం ఎక్కడి నుంచి వస్తుంది, అది బతికివున్నవారి మధ్య తగవుగా ఎలా మారుతుంది, దానికి విరుగుడు ఏమిటి అన్నవి తెలుసుకోవలసిన విషయాలు. ఇప్పుడు వాటినే చూద్దాం.

జాంబీ కథ పుట్టిల్లు

చచ్చినవాళ్ళు లేచి వచ్చి బతికినవాళ్ళను కరిచే కథలు మీలో చాలామంది సినిమాల్లో చూసే ఉంటారు. 2021లో మన తెలుగులోనే 'జాంబీ రెడ్డి' అనే చిత్రం వచ్చింది. ఈ 'జాంబీ' అనే మాట కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం నుంచి వచ్చింది. ఒకప్పుడు అది ఫ్రెంచివారి వలస రాజ్యం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారిచేత అక్కడి చెరకు తోటల్లో చచ్చేదాకా పని చేయించేవారు. చచ్చాక కూడా యజమాని మనలను లేపి పని చేయిస్తాడేమోనన్న భయం నుంచి వారి నమ్మకాల్లో జాంబీ రూపం దిద్దుకొన్నది. అంటే మొదట జాంబీ ఎవరినీ కరిచేది కాదు. అది పాపం, విముక్తి లేని కూలి.

కరిచి తినే శవాలను తెరమీదికి తెచ్చింది 1968లో అమెరికాలో జార్జి రొమెరో తీసిన చిత్రం. అందులో ఒక పల్లెటూరి ఇంట్లో కొందరు చిక్కుకొంటారు. బయట శవాలు. లోపల బతికినవాళ్ళు. నేలమాళిగలో దాక్కుందామని ఒకడు, పైనే ఉండి పోరాడుదామని మరొకడు. ఈ తగవులోనే సగం ప్రమాదం ముంచుకొస్తుంది. కథ కల్పితమే అయినా ఇందులో ఒక నిజముంది. ఆపద వచ్చినప్పుడు బయటి శత్రువు చేసే కీడుకు లోపలి తగవు తోడవుతుంది.

మరి నిజంగా అలాంటి వ్యాధి ఏదైనా ఉందా? కరవడం ద్వారా వ్యాపించి, మెదడును పట్టి, ప్రవర్తనను మార్చేసే వ్యాధి ఒకటి ఉంది. అదే రేబిస్. ఈ వైరస్ పిచ్చికుక్క చొంగలో ఉంటుంది. గాయం గుండా ప్రవేశించి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడ్డాక రోగి బతకడం దాదాపు అసంభవం. కాని మెదడుకు చేరేలోగా మనకు వ్యవధి దొరుకుతుంది. కుక్క కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పావుగంటసేపు కడిగి, ఆస్పత్రికి వెళ్ళి టీకా వేయించుకొంటే ప్రాణం దక్కుతుంది. ఈ టీకాను 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారిగా ఒక బాలుడికి వేయించి బతికించాడు. రేబిస్‌తో చనిపోయినవారు మాత్రం లేచి రారు. ఏ వ్యాధితో చనిపోయినవారూ లేచి రారు. మెదడుకు రక్తం ఆగిపోతే కొద్ది నిమిషాల్లోనే అందులోని కణాలు నశించడం మొదలవుతుంది. నడవడానికి, కరవడానికి ఆజ్ఞ ఇచ్చే కేంద్రమే అక్కడ మిగలదు.

మరి వాళ్ళకు కనబడిందేమిటి?

"మా ఆయన నిన్న రాత్రి గుమ్మంలో నిలబడ్డాడు. నా కళ్ళారా చూశాను" అని భర్త పోయిన ఒక అవ్వ చెబుతుంది. ఆమె అబద్ధమాడుతున్నదా? మతి తప్పిందా? రెండూ కాదు.

డ్యూయీ రీస్ అనే వైద్యుడు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో భర్తనో, భార్యనో పోగొట్టుకొన్న 293 మందిని కలిసి మాట్లాడాడు. ఆ ఫలితాలను 1971లో ప్రకటించాడు. వారిలో దాదాపు సగం మంది తమకు పోయినవారు కనబడ్డారనో, మాట వినబడిందనో, పక్కన ఉన్నట్లు తోచిందనో చెప్పారు. వీరంతా మామూలుగా పనులు చేసుకొంటున్నవారే. చాలామంది ఈ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

ఇది ఎందుకు జరుగుతుంది? మన మెదడు ఉన్నదాన్ని ఉన్నట్లు చూసే ఫోటో కెమెరా వంటిది కాదు. అది అలవాటును బట్టి ముందే ఊహిస్తుంది. ముప్పై ఏళ్ళుగా రోజూ సాయంత్రం ఆరింటికి పొలం నుంచి వచ్చే మనిషి అడుగుల చప్పుడు ఆ ఇల్లాలి మెదడులో అచ్చుపడి ఉంటుంది. మనిషి పోయాడు. అచ్చు పోలేదు. సాయంత్రం ఆరింటికి కొబ్బరి మట్ట రాలి చప్పుడైతే మెదడు దాన్ని ఆ అడుగులుగా చదువుకొంటుంది. నిద్ర లేమి, తిండి సహించకపోవడం దీనికి తోడవుతాయి.

దుఃఖం మనసుకే పరిమితం కాదు, శరీరాన్ని కూడా కుదిపివేస్తుంది. తీరని దుఃఖం తగిలినప్పుడు కొందరికి గుండెపోటు వచ్చినట్లే ఛాతీనొప్పి వస్తుంది. పరీక్షించి చూస్తే రక్తనాళాల్లో అడ్డేమీ ఉండదు. గుండె ఎడమ గది మాత్రం కింది భాగంలో బుడగలా ఉబ్బి ఉంటుంది. ఈ స్థితిని 1990లో జపాన్ వైద్యులు వర్ణించి 'టకోట్సుబో' అని పేరు పెట్టారు. ఆక్టోపస్‌లను పట్టడానికి అక్కడి జాలరులు సముద్రంలో దించే కుండ పేరది. ఉబ్బిన గుండె గది ఆకారం ఆ కుండలా ఉంటుంది. ఆడ్రినలిన్ వంటి హార్మోన్లు ఒక్కసారిగా పొంగడమే దీనికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. సరైన వైద్యం అందితే ఎక్కువమంది కొద్ది వారాల్లో కోలుకొంటారు. 'గుండె పగిలింది' అని మన పెద్దలు అనే మాట ఉత్త మాట కాదన్నమాట!

ఇప్పుడు ఆలోచించండి. ఒక ఇంట్లో ఒకరు చనిపోతే ఒక ఇంట్లోనే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఒకే నెలలో నాలుగు ఇళ్ళలో చావులు జరిగితే? నాలుగు ఇళ్ళలో వినిపిస్తుంది. నలుగురూ రచ్చబండ దగ్గర కలిసి చెప్పుకొంటే, అది ఊరంతా చూసిన పిశాచం అవుతుంది.

ఒకే నెలలో ఇన్ని చావులా?

"ఏడాదంతా ఏమీ లేదు. ఒక్క నెలలోనే ఇన్ని పాడెలా? దీని వెనుక ఏదో ఉంది!" అనడం సహజం. నిజంగా ఏదో ఉండితీరాలా? చిన్న ప్రయోగం చేద్దాం.

వెయ్యిమంది ఉన్న ఊరిని తీసుకోండి. మన దేశంలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఆరుగురు చనిపోతుంటారు. అంటే సగటున రెండు నెలలకొక చావు. ఇప్పుడు 12 కాగితం చీటీలమీద జనవరి నుంచి డిసెంబరు దాకా నెలల పేర్లు రాసి ఒక చెంబులో వెయ్యండి. కళ్ళు మూసుకొని ఒక చీటీ తీయండి. నెల పేరు రాసుకొని చీటీని తిరిగి చెంబులో వేసి కలపండి. ఇలా ఆరుసార్లు తీస్తే మీ ఊహా గ్రామంలో ఒక ఏడాది గడిచినట్లు. తరగతిలో అందరూ చేసి ఫలితాలు పోల్చుకోండి.

ఆరు చావులు ఆరు వేర్వేరు నెలల్లో పడటం నూటికి 22 సార్లు మాత్రమే జరుగుతుంది. ఏదో ఒక నెలలో మూడు గాని, అంతకన్న ఎక్కువ గాని పడటం నూటికి సుమారు 11 సార్లు జరుగుతుంది. ఏదో ఒక నెలలో నాలుగు గాని, ఎక్కువ గాని పడటం అరుదు, వెయ్యింటికి ఏడెనిమిది సార్లు. కాని వెయ్యి గ్రామాలుంటే ఏటా ఏడెనిమిది గ్రామాల్లో అది జరుగుతుందన్న మాటేగా! ఏ పిశాచం లేకుండా, ఏ అంటువ్యాధి లేకుండా, కేవలం యాదృచ్ఛికంగానే. ఆ ఏడెనిమిది గ్రామాలవారికి మిగతా 992 గ్రామాలు కనబడవు. తమ ఊరే కనబడుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. చావులు ఒకచోట గుమిగూడితే "అంతా యాదృచ్ఛికం" అని చేతులు ముడుచుకొని కూర్చోకూడదు. తాగే నీరు కలుషితమై ఉండవచ్చు. మలేరియా దోమ పెరిగి ఉండవచ్చు. యాదృచ్ఛికమా, వ్యాధా అన్నది రక్తపరీక్ష, నీటిపరీక్ష తేలుస్తాయి. అందుకే జ్వరాలు వచ్చిన ఊరికి కంచె వేస్తే అసలు నష్టం అక్కడే. పిశాచానికి వేసిన కంచె ఆరోగ్య కార్యకర్తను కూడా ఆపుతుంది.

దోషి కోసం వెదుకులాట

దుఃఖంలో కోపం కూడా ఒక భాగం. ఆప్తులు పోయినవారు దేవుణ్ణి తిడతారు, వైద్యుణ్ణి తిడతారు, తమను తామే తిట్టుకొంటారు. ఆ కోపానికి ఒక ముఖం కావాలి. కారణం కంటికి కనబడనప్పుడు మనిషి ముఖాన్ని వెదుకుతాడు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో, ముఖ్యంగా మన్యపు గ్రామాల్లో 'చిల్లంగి' అనే మాట వినబడుతుంది. ఫలానావాడు చిల్లంగి పెట్టాడు, అందుకే బిడ్డ చనిపోయాడు అంటారు. మెదక్ ప్రాంతంలో దీన్నే బాణామతి అనేవారు. ఈ అనుమానంతో మనుషులను కొట్టడం, ఊరినుంచి వెళ్ళగొట్టడం, చంపడం కూడా జరిగాయి. అనుమానం ఎవరిమీద పడుతుందో గమనించండి. ఒంటరి వృద్ధులు, వితంతువులు, భూమి తగాదా ఉన్న దాయాది. మలేరియా క్రిమి మనిషి కులగోత్రాలు చూడదు, ఆస్తి తగాదాలు చూడదు. చిల్లంగి అనుమానం మాత్రం అవన్నీ చూసుకొని మరీ వాలుతుంది! పొరుగున ఉన్న ఒడిశా రాష్ట్రం ఇలాంటి దాడులను శిక్షించడానికి 2013లో ప్రత్యేక చట్టం చేసింది.

ఇది మన ఒక్క ప్రాంతపు జబ్బే కాదు. 14వ శతాబ్దంలో యూరప్‌ను ప్లేగు తుడిచిపెట్టింది. యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బూర్గ్ నగరంలో వందలాది యూదులను సజీవంగా దహనం చేశారు. ప్లేగు ఆగిందా? లేదు. ఆ వేసవిలో అది స్ట్రాస్‌బూర్గ్‌లో కూడా ప్రవేశించింది. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొనేదాకా, అంటే 545 సంవత్సరాల పాటు, అసలు దోషి ఎవరో ఎవరికీ తెలియలేదు.

మరొక దారి ఉందని చూపినవాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. 1854లో బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరాతో కొద్ది రోజుల్లోనే వందలమంది చనిపోయారు. ఆయన "ఎవరు చేశారు?" అని అడగలేదు. "ఎక్కడ, ఎలా?" అని అడిగాడు. ఇంటింటికీ తిరిగాడు. చావులన్నిటినీ పటంమీద గుర్తించాడు. అవి ఒక మంచినీటి పంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయి! ఆ పంపు పిడిని ఊడదీయించాడు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకు ముందు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందనుకొనేవారు. ఆ పేరుకు అర్థమే చెడుగాలి.

"ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి దొరుకుతాడు. "ఎలా?" అన్న ప్రశ్నకు జవాబుగా మందు దొరుకుతుంది.

శవమంటే భయం

కోవిడ్ వ్యాధి వ్యాపించిన 2020వ సంవత్సరంలో మన మధ్య మరొక తగవు వచ్చింది. బతికినవారికి, పోయినవారికి మధ్య తగవు. ఆ ఏడాది జూన్ 26న పలాసలో ఒక వృద్ధుడు చనిపోయారు. ఆయనకు కోవిడ్ ఉన్నదని తేలగానే చుట్టుపక్కలవారు భయపడ్డారు. చివరకు మునిసిపల్ సిబ్బంది ఆ దేహాన్ని జె.సి.బి. తొట్టెలో పెట్టి శ్మశానానికి తీసుకుపోయారు. ఆ దృశ్యం చూసి రాష్ట్రమంతా నివ్వెరపోయింది. బాధ్యులైన అధికారులను సస్పెండ్ చేశారు.

శవం నిజంగా అంత ప్రమాదకరమా? కోవిడ్ వైరస్ ముఖ్యంగా శ్వాస ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా వ్యాపిస్తుంది. చనిపోయినవారు ఊపిరి పీల్చరు, దగ్గరు. చేతి తొడుగులు, మాస్కు వేసుకొని, శరీర ద్రవాలు తగలకుండా చూసుకొంటే గౌరవంగా అంత్యక్రియలు జరపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే తెలియజేసింది. శవం పక్కనున్నవారికన్న, మాస్కు లేకుండా గుంపుగా శవం చుట్టూ చేరిన బతికినవారే ఒకరికొకరు ఎక్కువ ప్రమాదం!

ఎబోలా వంటి కొన్ని వ్యాధుల్లో మాత్రం శవం నుంచి వ్యాధి సోకుతుంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు శవాలను కడిగి, తాకే ఆచారం వల్ల చాలామందికి అది అంటుకొన్నది. మొదట ప్రభుత్వ సిబ్బంది శవాలను గబగబ ఎత్తుకుపోయారు. జనం తిరగబడ్డారు, రోగులను దాచారు. తరువాత పద్ధతి మార్చారు. రక్షణ దుస్తులు వేసుకొన్నవారు పూడ్చిపెడుతుంటే, కుటుంబంవారు కొంత దూరాన నిలబడి ప్రార్థన చేసుకొనేవారు. జనం సహకరించారు. దుఃఖించడానికి తావిస్తేనే జాగ్రత్తలు కూడా సాగుతాయని దీనివల్ల తెలిసింది.

ఆ పలాస ప్రాంతంలోనే మరొక సంఘటన చూడండి. 2021 ఫిబ్రవరి 1న అడవికొత్తూరు పొలాల్లో ఎవరో తెలియని వృద్ధుని శవం కనబడింది. తాకడానికి అక్కడివారు వెనుకాడారు. వాహనం వెళ్ళే దారి లేదు. కాశీబుగ్గ ఎస్.ఐ. కొత్తూరు శిరీష తానే స్ట్రెచర్‌కు భుజం పట్టి, గట్లమీదుగా సుమారు రెండు కిలోమీటర్లు మోసుకొని వచ్చారు. ఏ బంధువూ లేని ఆ మనిషికి అంత్యక్రియలు జరిగాయి. ప్రాంతం అదే, ఏడాదైనా తిరగలేదు. ఎంత తేడా!

తగవును తీర్చేదేమిటి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి. అక్కడ కొబ్బరి చెట్టును ఇంటి బిడ్డతో సమానంగా చూస్తారు. ఆ దుఃఖం చిన్నది కాదు. నీళ్ళు రాలేదని, కరెంటు లేదని, సాయం అందలేదని జనం రోడ్లమీదికి వచ్చారు. అయినా "ఈ తుపాను మా పక్కింటివాడు పంపాడు" అని ఎవరూ అనలేదు! గాలి అందరి కళ్ళకూ కనబడింది. కోపం వచ్చింది, కాని ఆ కోపానికి సమాధానం చెప్పవలసినవారు, చెప్పగలిగినవారు ఉన్నారు. చిల్లంగి పెట్టాడన్న నింద అలాంటిది కాదు. తాను పెట్టలేదని ఎవరూ రుజువు చేసుకోలేరు. రుజువు చేసుకోలేని నేరం మోపితే దానికి అంతుండదు.

ఒకసారి చీలిన మనుషులు మళ్ళీ కలుస్తారా? 1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో పదకొండేళ్ళ ప్రాయపు బాలురు 22 మందిని ఒక విడిదికి తీసుకువెళ్ళి రెండు జట్లు చేశాడు. బహుమతులకోసం పోటీలు పెట్టగానే జట్ల మధ్య వైరం పుట్టింది. జెండాలు తగలబెట్టుకొన్నారు, ఒకరి గదులపై మరొకరు దాడి చేశారు. అందరినీ కలిపి విందుకు కూర్చోబెట్టి చూశారు. అన్నం విసురుకొన్నారు! అప్పుడు మంచినీటి సరఫరా ఆగిపోయేటట్లు చేశారు. రెండు జట్లూ కలిసి వెదికితేగాని లోపం దొరకలేదు. మరొకనాడు భోజనం తేవలసిన లారీ కదలలేదు. అంతకు ముందు రెండు జట్లూ చెరొకవైపు పట్టి లాగిన పోటీ తాడునే ఇప్పుడు ఒకే వైపు పట్టుకొని లారీని లాగారు. ఇలాంటి పనులు కొన్ని చేశాక వైరం తగ్గింది. పిల్లలకు చెప్పకుండా ఇలాంటి ప్రయోగం చేయడాన్ని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరించరు. కాని నీతులు చెప్పి కలపలేని మనుషులను ఉమ్మడి అవసరం కలుపుతుందన్న పాఠం మిగిలింది.

మీరు ఏం చేయగలరు?

మీ ఊళ్ళో జ్వరాలు, చావులు వరుసగా వస్తే మీరు చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. మొదట, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళండి. పోయినవారు కనబడ్డారని ఎవరైనా చెబితే ఎగతాళి చేయకండి, భయపెట్టకండి. "నీకు కనబడటం సహజమే, అవ్వా" అని పక్కన కూర్చోండి. రెండవది, ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు కబురు చేయండి. మీ తోటి విద్యార్థులతో కలిసి ఊరి పటం గీసి ఏయే ఇళ్ళలో జ్వరం వచ్చిందో, వారు ఏ నీరు తాగుతున్నారో గుర్తించండి. జాన్ స్నో చేసిన పని ఇదే. ఇళ్ళ చుట్టూ నిలిచిన నీటిని తొలగించడానికి, బావిలో బ్లీచింగ్ పొడి వేయించడానికి రెండు వీధులవాళ్ళూ కలిసి రావలసిందే. మూడవది, మనిషి పేరుతో ఎవరైనా పుకారు చెబితే దాన్ని మీ దగ్గరే ఆపండి.

"ఊళ్ళో ఏదో తిరుగుతున్నదట!" అని ఎవరైనా అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ జ్వరం? రక్తపరీక్ష చేయించారా? ఏ నీళ్ళు తాగుతున్నారు? వీటికి జవాబులు వెదకడానికి బయలుదేరినవారెవరూ పక్కింటివాడి తలుపు విరగ్గొట్టడానికి వెళ్ళరు.